పైకి కుట్టిన గుండీలు

ఆ మంగళవారం ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలకు ఉత్తరం వచ్చింది. తెల్లవారుజామున మొదలైన వాన ఎనిమిదిన్నరకు ఆగింది. గాలి లేదు, మబ్బు విడలేదు, వీధిలో నీరు ఇంకా మెల్లగా కాలువ వైపు కదులుతూనే ఉంది. కవరు ఒక మూల తడిసింది. తమ్ముడు దాన్ని రెండు అరచేతుల మధ్య పట్టుకుని తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

"నువ్వే చించవే అక్కా. నేను చించితే కవరూ ఉండదు, ఉత్తరమూ ఉండదు."

రెండు పేజీల ఉత్తరం. అతను ఇరవై రెండేళ్లు పనిచేసి వచ్చిన దేశపు పింఛను కార్యాలయం పంపింది. సారాంశం మొదటి పేజీ మధ్యలో ఉంది: దరఖాస్తుదారు రోజువారీ పనులు సొంతంగా చేసుకోగలరు, వేళ్ల కదలిక సంతృప్తికరంగా ఉంది, వైకల్య పింఛనుకు ఇరవై పాయింట్లు అవసరం కాగా వచ్చినవి అయిదు, కనుక దరఖాస్తు తిరస్కరించడమైనది. అభ్యంతరం ఉంటే ఉత్తరం తేదీ నుంచి తొంభై రోజుల్లోగా తెలపవచ్చు. ఆ ఉత్తరం మా గుమ్మం చేరడానికి ముప్పై ఎనిమిది రోజులు పట్టింది.

తమ్ముడు అక్కడ ఒక దుస్తుల కర్మాగారంలో కటింగు మాస్టరు. ఎనభై పొరల గుడ్డను ఒకదాని మీద ఒకటి పరచి, కరెంటు కత్తితో గీత వెంబడి ఒక్కసారిగా కోయడం అతని పని. ఆ కత్తి రోజుకు ఎనిమిది గంటలు చేతుల్లో అదురుతూనే ఉంటుంది. పనిలో చేరిన పద్నాలుగో ఏట అతని వేళ్లు చలికి తెల్లబడటం మొదలైంది. పద్దెనిమిదో ఏట స్పర్శ పోవడం మొదలైంది. రెండుసార్లు శస్త్రచికిత్స చేశారు, ఫలితం లేకపోయింది. చివరికి గుండుసూది చేతిలో ఉందో కింద పడిందో కళ్లతో చూస్తే తప్ప తెలియని స్థితి వచ్చింది. బరువు ఎత్తగలడు, తలుపు తోయగలడు. రెండు వేళ్ల మధ్య దేన్నైనా పట్టుకోమంటే మాత్రం అది అతని వల్ల కాదు. కర్మాగారం అతన్ని పంపేశాక, అక్కడి అద్దె మోయలేక, భార్యతో కలిసి మా ఇంటి కింది వాటాలోకి వచ్చాడు. రెండు దేశాల మధ్య ఒప్పందం ఉండటం వల్ల ఇక్కడి నుంచే దరఖాస్తు చేసుకునే వీలు దొరికింది. పరీక్ష కూడా ఆ కార్యాలయం నియమించిన డాక్టరు ఇక్కడే చేశాడు.

పింఛను రాకపోతే ఏమవుతుందో మా ముగ్గురికీ తెలుసు. మరదలు అదే కర్మాగారంలో కుట్టుమిషను మీద పనిచేసేది. ఆమె తిరిగి వస్తానంటే చేర్చుకుంటామని వాళ్లు చెప్పారు, అక్కడ పనిచేయడానికి ఆమెకున్న అనుమతి పత్రానికి ఇంకా నాలుగు నెలల గడువుంది. అంటే ఆమె ఒంటరిగా వెనక్కి వెళ్లాలి, ఇతను ఇక్కడ ఉండాలి. అతనికి ఎవరి అవసరమూ లేదని ఒక కార్యాలయం తేల్చినందువల్ల, అతనికి ఎవరి అవసరం ఉందో ఆ మనిషే అతన్ని వదిలి వెళ్లవలసి వస్తుంది.

నేను ముప్పై నాలుగేళ్లు కళాశాలలో తర్కశాస్త్రం చెప్పాను. ఒక నిర్ణయం తప్పనిపిస్తే, దాని మీద కోపగించే ముందు దానికి ఆధారమైన వాక్యాలేమిటో వెతకడం నాకు అలవాటు. ఉత్తరం చివరి పేరాలో, కోరినవారికి డాక్టరు నివేదిక నకలు పంపుతామని ఉంది. ఆ సాయంత్రమే కోరాను. తొమ్మిది రోజులకు కంప్యూటరులో వచ్చింది.

ముగ్గురం భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాం. నివేదికలో ముఖ్యమైన వాక్యాలు మూడే. నేను వాటిని తెలుగులో చదివి వినిపించాను.

"ఒకటి. 'చక్కటి దుస్తుల్లో వచ్చారు. చొక్కాకు ఏడు గుండీలు, అన్నీ సరిగ్గా పెట్టుకున్నారు.'"

మరదలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమో అనుకున్నాను. నవ్వుతోంది.

"ఏడు గుండీలట! లెక్కపెట్టాడు వదినా, మహానుభావుడు!"

"నవ్వకే," అన్నాడు తమ్ముడు. "కుట్టినదానివి నువ్వే కదా."

"కుట్టించిన మాస్టరు ఎవరో?"

ఆ చొక్కా సంగతి నాకు అప్పుడే తెలిసింది. గుండీలన్నీ కాజాల మీద పైకి కుట్టేసినవి. అవి ఊడవు, పెట్టుకోనూ అక్కర్లేదు. అసలు చొక్కాను మూసేవి పట్టీ లోపల ఉన్న టిచ్ బటన్లు. వాటినీ రోజూ ఉదయం మరదలే నొక్కుతుంది. పద్ధతి తమ్ముడిది, కుట్టు ఆమెది. అతని దగ్గర అలాంటివి ఆరు చొక్కాలున్నాయి. పక్కనే కూర్చుని చూసే నాకే ఇన్నాళ్లూ తెలియలేదు.

"పైన పటారం, లోన లొటారం," అన్నాను.

"లొటారం అనకే. దగ్గరికొచ్చి చూసినా తెలీదు. అది పనితనం."

"ఆ పనితనమే నీ కొంప ముంచింది. పరీక్షకు అదే ఎందుకు వేసుకెళ్లావురా?"

అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు. "పెద్దమనిషి దగ్గరికి వెళ్తూ బనియనుతో వెళ్తామా? కటింగు మాస్టరు చొక్కా చూసి కదా పని ఇస్తారు."

"నువ్వు వెళ్లింది పని అడగడానికి కాదు. పని చేయలేనని చెప్పుకోవడానికి."

"చెప్పుకోవడానికైనా ఒక తీరుండాలి కదా."

రెండో వాక్యం చదివాను. "'దరఖాస్తులోని చేతిరాత స్పష్టంగా, అందంగా ఉంది.'"

ఈసారి ఇద్దరూ నా వైపు చూశారు. దరఖాస్తు నింపింది నేను. మూడో పేజీలో, దీన్ని నింపడానికి ఎవరైనా తోడ్పడ్డారా అని ఒక గడి ఉంది. దాన్ని ఖాళీగా వదిలేసిందీ నేనే. తమ్ముడి కాగితం అక్క రాస్తే అది తోడ్పాటు కింద రాయవలసిన విషయమని ఆ రోజు నాకు తోచలేదు.

"అక్షరాలు గుండ్రంగా రాస్తావని అందరూ మెచ్చుకునేవాళ్లు," అన్నాడు తమ్ముడు నెమ్మదిగా. "ఇప్పుడు ప్రభుత్వం కూడా మెచ్చుకుంది."

మూడో వాక్యం చదివాను. "'ఇంట్లో ఎవరి సాయమూ అవసరం లేదని స్వయంగా చెప్పారు.' చెప్పావా?"

"చెప్పాను."

"ఎందుకు?"

"సాయం ఎవరైనా చేస్తున్నారా అని అడిగాడు. అబ్బే, ఎవరూ లేరండి అన్నాను. మరి ఎవరున్నారు? మనమే కదా ఉన్నది. ఇంట్లో మనిషి చేసేది సాయమెలా అవుతుందే?"

మరదలి నవ్వు అప్పటికే ఆగిపోయింది. ఆమె లేచి గ్లాసులు తీసింది.

మూడు వాక్యాలూ చూసినదీ విన్నదీ ఉన్నదున్నట్టు రాసినవే. వాటి నుంచి తీసిన ముగింపు మాత్రం తప్పు. ఆ తప్పుకు ముగ్గురం తలా ఒక చెయ్యి వేశాం: అతను మర్యాద వల్ల, మరదలు నైపుణ్యం వల్ల, నేను అజాగ్రత్త వల్ల. అయితే డాక్టరును వదిలిపెట్టడానికి అది కారణం కాదు. పరీక్ష రోజున బయట కుర్చీలో కూర్చుని నేను గడియారం చూశాను, తమ్ముడు లోపల ఉన్నది పదకొండు నిమిషాలు. ఇంటివాళ్లు లోపలికి రాకూడదని ద్వారం దగ్గరే ఆపేశారు. పరీక్షకులకు ఆ కార్యాలయం ఇచ్చే మార్గదర్శిని నాకు దొరికింది. పదిహేడో పేజీలో, వేళ్ల పటుత్వాన్ని పైకి కనిపించేదాన్ని బట్టి అంచనా వేయకూడదనీ, నాణెం తీయించి, తాళం తిప్పించి, గుండీ పెట్టించి చూడాలనీ స్పష్టంగా ఉంది. తమ్ముణ్ని అడిగాను. డాక్టరు అరచెయ్యి నొక్కి చూశాడట, పిడికిలి బిగించమన్నాడట. నాణెం లేదు, తాళం లేదు. గుండీలను పెట్టించలేదు, లెక్కపెట్టాడు.

కనుక అభ్యంతరం రెండు భాగాలు కావాలి. పరీక్ష నియమం ప్రకారం జరగలేదని మొదటిది. జరిగి ఉంటే ఏం బయటపడేదో చూపడం రెండోది. మొదటిది రాయడానికి నాకు ఒక పూట పట్టింది. రెండోదాని కోసం ఆ ఆదివారం ఉదయం ఆరు గంటలకు నోటుపుస్తకం తీసుకుని కింది వాటాలోకి వెళ్లి కూర్చున్నాను.

రాత్రి ఎనిమిది వరకు అక్కడే ఉన్నాను. మరదలు అతని బ్రష్షు మీద పేస్టు వేసింది. కుళాయి బిర్రుగా ఉంటే తిప్పింది. చొక్కా టిచ్ బటన్లు నొక్కింది, ప్యాంటు హుక్కు పెట్టింది, చెప్పుల పట్టీ బిగించింది. చెంచా కాడకు గుడ్డ చుట్టి అరచేతిలో ఇరికించింది. మాత్రను అట్ట నుంచి చిదిమి నాలుక మీద వేసింది. పత్రిక పేజీలు విడదీసి పెట్టింది. ఫోను మోగితే చెవికి ఆనించింది. అతను మధ్యాహ్నం ఒకసారి బయటికి వెళ్లి వచ్చాడు. వెళ్లేటప్పుడు తలుపు గడియ తీసింది, వచ్చాక వేసింది. ఇద్దరూ ఏదో మాట్లాడుకుంటూనే ఉన్నారు, ఒకసారి పోట్లాడుకున్నారు కూడా. పోట్లాట మధ్యలో అతను మెడ ఎత్తాడు, ఆమె మాట ఆపకుండానే పై బటను నొక్కింది. మొత్తం నలభై మూడు పనులు. ఒక్కదానికీ అతను అడగలేదు, ఆమె ఎదురుచూడలేదు.

మర్నాడు శుభ్రంగా రాసి సంతకానికి తెచ్చాను. తమ్ముడు బల్ల మీద పరిచిన కాగితాల మీదికి వంగి మొత్తం చదివాడు. నాలుగో పేజీ అయ్యాక తలెత్తలేదు.

"నేను సంతకం పెట్టను."

"ఏం, తప్పుందా?"

"తప్పు లేదు. ఇది చదివితే ఎవరికైనా నేను ఎలా కనబడతాను? పసిపిల్లాడిలా. నలభై మంది చేత పని చేయించిన మనిషిని నేను. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. ఇది ఊరూపేరూ తెలియని వాళ్ల బల్ల మీద పడేయడం."

"అడగందే అమ్మయినా పెట్టదురా."

"అయితే పెట్టొద్దు."

గడువుకు ఇంకా ముప్పై తొమ్మిది రోజులున్నాయి. నేను తేదీలు చెప్పబోయాను. మరదలు నన్ను ఆపింది. ఆమె అప్పటివరకు కిటికీ దగ్గర ఉతికిన బట్టలు మడతపెడుతోంది. వచ్చి, కాగితాలను తన వైపు తిప్పుకుని, నిలబడే చదివింది. ఆమె చదవడం నిదానం.

"ఇవన్నీ నేను చేస్తున్నానా వదినా? ఇన్నా?"

"నేను చూసినవి ఇవి. చూడనివి కూడా ఉండవచ్చు."

ఆమె భర్త వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. "ఏమండీ, ఆ డాక్టరు ఇంట్లో సాయానికి ఎవరున్నారని అడిగితే ఎవరూ లేరన్నారు. సరే, మొహమాటం అనుకున్నాను. ఇప్పుడు ఇది కూడా వద్దంటున్నారు. నాలుగేళ్లుగా ఈ చేతులు చేసింది ఎక్కడా లేదని మీరే రాసిచ్చేస్తే, రేపు నేను విమానం ఎక్కాక మీకు తెలుస్తుంది లెండి, ఎవరు లేరో."

"నిన్ను అన్నానా ఇప్పుడు?"

"నన్ను అనలేదు. నన్ను లేదన్నారు."

అతను అరచేతితో కాగితాలను తన వైపు జరుపుకున్నాడు. తర్వాత నాతో, "పెన్ను ఇవ్వు," అన్నాడు. నేను మూత తీసి ఇచ్చాను. మరదలు అలవాటుగా దాన్ని అతని వేళ్ల మధ్య సర్దబోయింది. "వద్దు, ఉండు," అన్నాడు. పెన్నును పిడికిట్లో గుచ్చి పట్టుకుని, భుజం నుంచి కదిపి, కాగితం దిగువన గీశాడు. అది సంతకంలా లేదు. పిచ్చుక కాళ్లకు సిరా అంటుకుని నడిచినట్టుంది. నేను కింద బ్రాకెట్లో రాశాను: ఈ సంతకం దరఖాస్తుదారు సొంత చేతితో, ఎవరి సాయమూ లేకుండా చేసినది. ముందు దరఖాస్తులోని చేతిరాత అతని అక్కది.

అయిదు వారాల తర్వాత, ఒక బుధవారం ఉదయం పదకొండు గంటలకు విచారణ. కంప్యూటరు తెర మీద రెండు చట్రాలు కనిపించాయి: ఒకదానిలో పునఃపరిశీలన అధికారిణి, నడివయసు మనిషి, కళ్లద్దాలు, మరొకదానిలో దుబాసీ. తమ్ముడికి కర్మాగారం భాష వచ్చు గానీ కార్యాలయం భాష రాదు. అందువల్ల తెలుగు వచ్చిన మనిషిని వాళ్లే ఏర్పాటు చేశారు.

అధికారిణి నమస్కరించింది. "ఎలా ఉన్నారని అడుగుతున్నారండి," అన్నాడు దుబాసీ.

"బాగున్నానండి, మీ దయ వల్ల," అన్నాడు తమ్ముడు.

బల్ల కింద మరదలు అతని పాదం తొక్కింది. నేను గుసగుసగా, "సరిగ్గా కూర్చో, సరిగ్గా మాట్లాడు," అన్నాను. దుబాసీ నిక్కచ్చి మనిషి, వినబడిన ప్రతి మాటనూ అవతలికి చేరవేశాడు. అధికారిణి ఉలిక్కిపడి కుర్చీలో నిటారుగా సర్దుకుంది.

"అయ్యో, మిమ్మల్ని కాదని చెప్పండి," అన్నాను.

అదీ చేరవేశాడు. ఆమె నవ్వింది. ఆ నవ్వుతో తమ్ముడి భుజాలు కొంచెం దిగాయి.

ఆమె నా అభ్యంతరం పూర్తిగా చదివి వచ్చింది, పదిహేడో పేజీ తన ముందు తెరిచే ఉంచింది. డాక్టరు ఆ మూడు పరీక్షలూ చేయించాడా అని అడిగింది. లేదన్నాడు. చొక్కా గురించి రాసినది చూపగలరా అని అడిగింది. తమ్ముడు ఆ రోజు కూడా అలాంటి చొక్కానే వేసుకున్నాడు. అలాంటివి తప్ప వేరే చొక్కా అతనికి లేదు. రెండు అరచేతులనూ పట్టీకి అటూ ఇటూ ఆనించి ఒక్క గుంజు గుంజాడు. టిచ్ బటన్లు వరసగా టప్‌టప్‌మని ఊడాయి. గుండీలన్నీ వాటి వాటి కాజాల మీద అలాగే ఉండిపోయాయి. అధికారిణి తెర దగ్గరికి వంగింది.

"ఇప్పుడు మూయగలరా అని అడుగుతున్నారు. తొందర లేదట," అన్నాడు దుబాసీ.

తమ్ముడు మొదలుపెట్టాడు. పట్టీ ఒక అంచును మణికట్టుతో రొమ్ముకు నొక్కి, రెండో అంచును దాని మీదికి తోశాడు. బటను మీద బటను పడింది. బొటనవేలితో నొక్కబోతే వేలు జారి పక్కన పడింది. తిరిగి తోశాడు. అంచు తప్పింది. వేలు ఎక్కడ ఆనిందో అతనికి తెలియడం లేదు. తెలుసుకోవడానికి గడ్డం రొమ్ముకు ఆనించి చూడాలి, చూడబోతే గడ్డమే చేతికి అడ్డం వస్తోంది. నుదుట చెమట పట్టింది. నా పక్కన మరదలి కుడిచెయ్యి లేచింది. ఆమెకు తెలియకుండానే లేచింది. నేను ఆమె మణికట్టు పట్టుకున్నాను. ఆమె లాగింది. నేను వదల్లేదు. ఇద్దరం అలా బల్ల కింద పెనుగులాడుతూ తెర వైపు చూస్తూ కూర్చున్నాం. నా జీవితంలో ఒక మనిషికి మంచి చేయాలని, ఇంకొక మనిషిని మంచి చేయకుండా ఆపింది అప్పుడొక్కసారే.

గోడ గడియారం ప్రకారం ఒక నిమిషం యాభై సెకన్లకు అధికారిణి చాలన్నది. ఒక్క బటనూ పడలేదు.

"మీరు లెక్కపెట్టుకోండి, సున్నా," అన్నాడు తమ్ముడు ఊపిరి తీసుకుంటూ. "ఈసారి లెక్క సరిపోతుంది."

దుబాసీ ఒక క్షణం తటపటాయించి దాన్నీ అనువదించాడు.

"ఇంట్లో వీరికి ఎవరు సాయం చేస్తారని అడుగుతున్నారు."

తమ్ముడు పక్కకు తిరిగాడు. "ఇదిగో, ఈవిడ. మా ఆవిడ. పొద్దున లేచిన దగ్గర్నుంచి. ఈవిడ లేకపోతే నేను ఈ కుర్చీలోకి ఇలా వచ్చి కూర్చునేవాణ్ని కాదండి, బట్టల్లేకుండా మంచం మీద ఉండేవాణ్ని."

"అదంతా చెప్పాలా?" అన్నది మరదలు సిగ్గుతో, దుబాసీతో.

"చెప్పేశానండి," అన్నాడు దుబాసీ.

నేను ఆమె మణికట్టు వదిలాను. ఆమె లేచి చొక్కా మూసింది. అధికారిణి ఏదో రాసుకుంటూ ఉండిపోయింది.

తొలి పరీక్ష నియమానికి విరుద్ధమని పదిరోజుల్లో తీర్పు వచ్చింది. దాన్ని రద్దు చేసి, వేరొక డాక్టరును నియమించారు. ఆమె నలభై నిమిషాలు తీసుకుంది. నాణెం, తాళం, గుండీ మూడూ చేయించింది, మరదలిని పక్కనే కూర్చోబెట్టుకుని అడగవలసినవి ఆమెను అడిగింది. తమ్ముడు ఆ రోజు కూడా ఇస్త్రీ చొక్కాతోనే వెళ్లాడు. ఆ విషయంలో నా మాటా, మరదలి మాటా చెల్లలేదు. అయితే కుర్చీలో కూర్చోగానే డాక్టరుతో మొట్టమొదట చెప్పింది చొక్కా సంగతేనట.

పాయింట్లు ఇరవై అయిదు వచ్చాయి. మంజూరు ఉత్తరం మరదలి అనుమతి పత్రం గడువుకు పదహారు రోజుల ముందు చేరింది. ఆమె కర్మాగారానికి ఫోను చేసి రావడం లేదని చెప్పింది. అవతలివాళ్లు కారణం అడిగారు కాబోలు.

"ఇక్కడ పని దొరికిందండి," అన్నది. "పాతదే."

తొలి డాక్టరు మీద వేరుగా ఫిర్యాదు చేయాలా అని నేను ఆలోచించాను. ముసాయిదా కూడా రాశాను. తమ్ముడు వద్దన్నాడు, మర్యాద కోసం కాదట, ఇక ఆ పదకొండు నిమిషాల గురించి మాట్లాడటం విసుగట. నేను మార్గదర్శినిలోని పదిహేడో పేజీ నకలు మాత్రం ఒక కవరులో పెట్టి, ఏ వ్యాఖ్యా లేకుండా, ఆ డాక్టరు చిరునామాకు పంపాను. జవాబు రాలేదు.

అతను వృద్ధాప్య పింఛనుకు మారే వయసు వచ్చేదాకా, పదకొండేళ్లు, ఆ పింఛను వచ్చింది. ఆ కాలంలో రెండుసార్లు తమ్ముణ్ని మళ్లీ పరీక్షకు పిలిచారు. రెండుసార్లూ మరదలు అతనితో పాటు గదిలోకి వెళ్లింది.